ఇంట్లో నెట్ కేబుల్: షీల్డ్ ఉన్నదా, లేనిదా, ఫైబరా?

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లూ, పాత ఇంటికి మరమ్మతులు చేయిస్తున్నవాళ్లూ ఈమధ్య కరెంటు వైర్లతో పాటు నెట్ కేబుల్ కూడా గోడలోంచి లాగించుకుంటున్నారు. ఇంట్లో ఒకరైనా హైదరాబాదు కంపెనీకో బెంగళూరు కంపెనీకో ఇక్కడి నుంచే పనిచేస్తున్నారు. గేటు మీద కెమెరా, మేడ మీద టీవీ సరేసరి. ఫైబర్ కనెక్షన్ ఇచ్చే కుర్రాడేమో ముందు గదిలో పెట్టె బిగించి వెళ్లిపోతాడు. బరంపురం పాత వీధుల్లో ఇళ్లకు వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. అరుగు, ముందు గది, దాని వెనక గది, ఆ వెనక ఇంకో గది, వంటిల్లు, పెరడు అన్నీ ఒకే వరసలో సాగుతాయి. రెండు గోడలు దాటేసరికి వైఫై నీరసపడిపోతుంది.

కేబుల్ కొందామని షాపుకెళ్తే అసలు చిక్కు మొదలవుతుంది. "మామూలుది ఎందుకు సార్, షీల్డ్ ఉన్నది తీసుకోండి, మళ్లీ చూడక్కర్లేదు" అంటాడు కౌంటర్ దగ్గరివాడు. ఆన్‌లైన్లో చూస్తే క్యాట్ (కేటగిరీ, అంటే కేబుల్ తరగతి) 7, క్యాట్ 8 అని ఇంకా పెద్ద నంబర్లు కనిపిస్తాయి. కరెంటు మేస్త్రీని అడిగితే "ఏదైనా ఒకటేనండి" అని తేల్చేస్తాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువ ఇళ్లకు అసలు రాగితో చేసిన క్యాట్ 6 యూటీపీ, అంటే షీల్డ్ (తీగల చుట్టూ లోహపు తొడుగు) లేనిదే, చాలు. షీల్డ్ పనికొచ్చే ఇళ్లు కొన్ని ఉన్నాయి. కానీ ఆ ఇళ్లలో కూడా కేబుల్ రకం కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఎర్తింగు. అది సరిగా లేని ఇంట్లో షీల్డ్ కేబుల్‌కు పెట్టిన అదనపు డబ్బు గోడలో పూడ్చినట్టే.

ముందుగా తేల్చుకోవాల్సినవి

మొదటిది ఎర్తింగు. షీల్డ్ అంటే తీగల చుట్టూ చుట్టిన అల్యూమినియం రేకు లేదా సన్నని తీగల అల్లిక. పక్కనున్న కరెంటు తీగలు, మోటార్ల నుంచి వచ్చి సిగ్నల్‌ను చెడగొట్టే విద్యుత్ గోలను అది పట్టుకుని ఎక్కడో ఒకచోట భూమిలోకి దించాలి. మన వైపు ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్లు ఉంటాయి కానీ మూడో పిన్ను వెనక వైరు నిజంగా గొయ్యి దాకా వెళ్లిందా అన్నది అడగాల్సిన మాట. "ఎర్తు ఉందండీ" అంటే సరిపోదు, కొలిచి చూపించాలి. రాయగడ, కోరాపుట్ వైపు కొండ నేలల్లో రాయి ఎక్కువ, ఎండాకాలంలో తడి ఆరిపోతుంది. శ్రావణంలో బాగా పనిచేసిన ఎర్తు గొయ్యి వైశాఖానికి నీరసించిపోవచ్చు. బొగ్గు, ఉప్పు వేసి, ఎండల్లో అప్పుడప్పుడు నీళ్లు పోసే గొయ్యి ఇంటికి ఉందో లేదో ముందు చూడండి.

రెండోది, కేబుల్ పక్కన ఏముంటుంది. యూటీపీలో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలితిరిగి ఉంటాయి. ఒక జతలోని రెండు తీగల మీదా బయటి గోల ఇంచుమించు సమానంగా పడుతుంది. అవతలి చివర ఆ రెండింటి మధ్య తేడానే చూస్తారు కాబట్టి గోల చాలావరకు రద్దయిపోతుంది. మామూలు ఇంటి ఫ్యానూ ఫ్రిజ్జూ దీన్ని ఏమీ చేయలేవు. బోరు మోటారు స్టార్టరు, పెద్ద ఇన్వర్టరు, సోలార్ ప్యానెళ్ల తీగలు, కింద వెల్డింగ్ షాపు, పిండి మిల్లు ఉంటే అప్పుడు ఆలోచించాలి. అప్పుడు కూడా మొదటి మందు దూరం. కరెంటు పైపుకీ నెట్ పైపుకీ మధ్య జానెడు ఎడం, దాటాల్సిన చోట అడ్డంగా తొంభై డిగ్రీల్లో దాటడం. ఇంత చేస్తే సగం ఇళ్లకు షీల్డ్ ఆలోచనే అక్కర్లేదు.

మూడోది వేగం. ఇప్పుడు ఇంటికి వచ్చే కనెక్షన్లలో ఎక్కువ గిగాబిట్ (సెకనుకు వెయ్యి మెగాబిట్లు) లోపువే. గిగాబిట్‌కు క్యాట్ 5ఈ కూడా 100 మీటర్ల దాకా సరిపోతుంది. క్యాట్ 6 అయితే 55 మీటర్ల దాకా 10 గిగాబిట్ కూడా మోయగలదు. మన ఇళ్లలో ఒక్కో లైను ఇరవై, ముప్ఫై మీటర్లు దాటడమే అరుదు. కాబట్టి "రేపటి అవసరం కోసం" అనే మాట విని క్యాట్ 7 కొనక్కర్లేదు.

నాలుగోది చివర్లు కట్టే చెయ్యి. ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పరు. షీల్డ్ కేబుల్‌ను ముక్క ముక్కకూ లోహపు జాక్‌తో (ప్లగ్గు గుచ్చే రంధ్రం ఉన్న ముక్క), రేకు తెగకుండా కట్టాలి. దానికి యూటీపీ కన్నా రెండింతలు సమయం పడుతుంది, అలవాటు కావాలి. పర్లాకిమిడిలో కేబుల్ దొరికినా దానికి సరిపడే లోహపు జాక్ దొరక్కపోవచ్చు. అప్పుడు మేస్త్రీ ప్లాస్టిక్ జాక్ పెట్టేసి పని కానిచ్చేస్తాడు. కేబుల్, జాక్, ప్యాచ్ ప్యానెల్ (కేబుళ్లన్నీ ఒకచోట చేరే జాకుల పలక) మూడూ ఒకేసారి, విశాఖ నుంచి అయినా సరే, తెప్పించుకున్నాకే పని మొదలుపెట్టించండి.

ఐదోది, కేబుల్ ఇంటి బయటికి వెళ్తుందా అన్నది. దీని గురించి ఫైబర్ దగ్గర చెప్తాను.

అక్షరాల అర్థం

డబ్బా మీద ఉండే ఎఫ్/యూటీపీ, ఎస్/ఎఫ్‌టీపీ లాంటి గుర్తుల్లో గీతకు ముందున్న అక్షరం మొత్తం కేబుల్ మీది తొడుగును, తర్వాతది ఒక్కో జత మీది తొడుగును చెప్తుంది. ఎఫ్ అంటే రేకు, ఎస్ అంటే తీగల అల్లిక, యూ అంటే ఏమీ లేదని. ఎఫ్/యూటీపీలో నాలుగు జతలకూ కలిపి ఒకే రేకు ఉంటుంది. ఎస్/ఎఫ్‌టీపీలో ప్రతి జతకూ విడిగా రేకు, ఆ మీద మొత్తానికి అల్లిక ఉంటాయి. "షీల్డెడ్" అని మాత్రమే రాసి ఈ అక్షరాలు రాయని డబ్బా జోలికి పోకండి.

| చూసే విషయం | క్యాట్ 6 యూటీపీ | క్యాట్ 6ఏ ఎఫ్/యూటీపీ | ఎస్/ఎఫ్‌టీపీ, క్యాట్ 6ఏ లేదా 7 | ఫైబర్ |
|---|---|---|---|---|
| ఇంట్లో వేగం | 1 గిగాబిట్ 100 మీ. దాకా, 10 గిగాబిట్ 55 మీ. దాకా | 10 గిగాబిట్ 100 మీ. దాకా | 10 గిగాబిట్ 100 మీ. దాకా | 10 గిగాబిట్, అంతకు మించి కూడా |
| ఎర్తింగు | అక్కర్లేదు | తప్పనిసరి | తప్పనిసరి | అక్కర్లేదు |
| చివర్లు కట్టడం | ఊళ్లో ఎవరైనా | అలవాటున్నవాళ్లు | ఓపికా అలవాటూ రెండూ ఉన్నవాళ్లు | స్ప్లైసింగ్ (ఫైబర్ చివర్లు అతికించే) మెషిన్ ఉన్నవాళ్లు |
| మందం | 6 మి.మీ. | 7 మి.మీ. పైన | 7.5 నుంచి 8 మి.మీ. | సన్నం |
| కెమెరాకు అందులోనే కరెంటు | వస్తుంది | వస్తుంది | వస్తుంది | రాదు |
| రెండు భవనాల మధ్య | వద్దు | వద్దు | వద్దు | ఇదే |
| ఖర్చు | తక్కువ | కేబుల్, జాకులు, ప్యానెల్ అన్నీ ఎక్కువ | అన్నిటికన్నా ఎక్కువ | కేబుల్ చవక, వెలుగును నెట్ సిగ్నల్‌గా మార్చే రెండు చివర్ల పెట్టెలు ఖరీదు |

క్యాట్ 6 యూటీపీ

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఒక్కటే జాగ్రత్త, రాగి. బజార్లో చవగ్గా దొరికే కేబుళ్లలో లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉన్నవి బాగా కలిసిపోయాయి. ఇవి ఏ క్యాట్ ప్రమాణానికీ సరిపోవు. ఒక తీగ తీసి చాకుతో గీరితే లోపల తెల్లగా మెరుస్తుంది. రెండు మూడు సార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగుతుంది. 305 మీటర్ల డబ్బా ఎత్తి చూస్తేనే తేలిగ్గా ఉంటుంది. వేగం సంగతి అలా ఉంచితే, కెమెరాకు ఇదే కేబుల్లో కరెంటు పంపినప్పుడు తీగ వేడెక్కుతుంది, వోల్టేజి పడిపోతుంది, రాత్రి కెమెరా లైట్లు వెలగ్గానే కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంటుంది. షీల్డ్ ఉన్న నకిలీ కేబుల్ కన్నా షీల్డ్ లేని అసలు రాగి కేబుల్ నయం.

క్యాట్ 6ఏ ఎఫ్/యూటీపీ

షీల్డ్ కావాలనుకున్న ఇంటికి నేను చెప్పేది ఇదే. రేకు ఒక్కటే కాబట్టి కట్టడం మరీ కష్టం కాదు. రేకుతో పాటు ఒక పూత తీగ ఉంటుంది, దాన్ని డ్రెయిన్ వైరు అంటారు. అది రేకుకు లోహం ఉన్న వైపే తాకుతూ ఉంటుంది. రేకుకు ఒక వైపే లోహం, రెండో వైపు ప్లాస్టిక్ పొర. కొందరు ఇది గమనించకుండా రేకును వెనక్కి మడిచి, ప్లాస్టిక్ వైపు జాక్ లోహానికి తగిలేలా బిగిస్తారు. చూడ్డానికి అంతా బాగుంటుంది, కానీ షీల్డ్ తెగినట్టే. వేలితో గీరితే ఏ వైపు మెరుస్తోందో తెలుస్తుంది, మల్టీమీటర్‌తో అయితే ఇంకా రూఢిగా తెలుస్తుంది. మెరిసే వైపు పైకి వచ్చేలా మడిచి, డ్రెయిన్ వైరు దాని మీద చుట్టి, జాక్ లోహపు పట్టీ చుట్టూతా తగిలేలా బిగించాలి. డ్రెయిన్ వైరు ఒక్కదాన్నే ఒక మూల తగిలించి వదిలేస్తే పూర్తి లాభం రాదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఇంటికి ఇచ్చే ఫైబర్ రౌటర్ వెనక చూడండి. నెట్ రంధ్రాలు ప్లాస్టిక్‌వి. అడాప్టర్‌కు రెండు పిన్నులే. అంటే ఎంత మంచి షీల్డ్ కేబుల్ తెచ్చి అందులో గుచ్చినా షీల్డ్‌కు భూమితో సంబంధమే ఉండదు. షీల్డ్ కేబుళ్లన్నీ ఒకచోట లోహపు ప్యాచ్ ప్యానెల్‌లోకి రావాలి. ఆ ప్యానెల్ నుంచి పచ్చ ఎర్తు వైరు ఇంటి ప్రధాన ఎర్తు దగ్గరికి వెళ్లాలి. ఆ ప్యానెల్, ఆ వైరు లెక్కలో లేకపోతే షీల్డ్ మాటే ఎత్తకండి.

ఎర్తు లేని షీల్డ్ యాంటెన్నాలా మారి నెట్ పాడుచేస్తుందని కొందరు భయపెడతారు. అది కొంచెం అతిగా చెప్పడమే. కేబుల్ మామూలు యూటీపీలాగే పనిచేసుకుపోతుంది. పోయేది మీ డబ్బు. భయపడాల్సింది మాత్రం వేరే ఉంది. కొన్ని ఇళ్లలో ఎర్తు లాగడం బద్ధకించి సాకెట్ వెనక న్యూట్రల్‌నే ఎర్తు పిన్నుకు లూపు వేసేస్తారు. అలాంటి సాకెట్‌కు ప్యానెల్ ఎర్తు కలిపారనుకోండి. ఎప్పుడైనా గాలివానకు బయట న్యూట్రల్ తెగితే ప్రతి గదిలోని జాక్ లోహానికీ కరెంటు వస్తుంది.

ఎస్/ఎఫ్‌టీపీ, క్యాట్ 7, క్యాట్ 8

ఎస్/ఎఫ్‌టీపీ మంచి కేబులే, సందేహం లేదు. ఆఫీసుల్లో వందల కేబుళ్లు కట్టగా వెళ్లేచోట పక్క కేబుల్ గోల పక్క కేబుల్‌కు తగలకుండా కాపాడుతుంది. ఇంట్లో ఆరో ఎనిమిదో లైన్లు ఉంటాయి, అంత అవసరం లేదు. పైగా ఇది గట్టిగా ఉంటుంది, స్విచ్ డబ్బాలో వంచి కూర్చోబెట్టాలంటే యాతన. నాలుగు రేకులూ ఒక అల్లికా కత్తిరించి సర్దే సరికి ఒక్కో చివరకు చాలాసేపు పడుతుంది.

క్యాట్ 7 పేరు అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉంది కానీ అమెరికా ప్రమాణాల్లో లేదు. దానికి అనుకున్న కనెక్టర్లే వేరు. మనం కొనే ఆర్‌జే 45, అంటే మామూలు నెట్ ప్లగ్గు, పెట్టాక అది మంచి క్యాట్ 6ఏ కన్నా ఎక్కువేమీ ఇవ్వదు. క్యాట్ 8 డేటా సెంటర్లలో 30 మీటర్ల లోపు వాడడానికి చేసింది. ఆన్‌లైన్లో "క్యాట్ 8 ఫ్లాట్" అని అమ్మే పట్టీ కేబుల్ గోడలో వేయించుకోవద్దు, అంతే.

ఫైబర్

ఇల్లు ఒకచోట, వెనక పెరట్లో గోదామో అద్దె గదులో ఇంకోచోట ఉంటే ఈ రెంటి మధ్య రాగి కేబుల్ వేయకండి. షీల్డ్ ఉన్నా వేయకండి. రెండు భవనాలకు రెండు ఎర్తు గొయ్యిలు ఉంటే వాటి మధ్య వోల్టేజి తేడా ఉంటుంది, షీల్డ్ కేబుల్ ఆ రెండింటినీ కలిపేసి తానే కరెంటు దారి అవుతుంది. ఇక పిడుగుల సంగతి చెప్పక్కర్లేదు. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం ఉరుములతో వచ్చే గాలివాన ఇక్కడ అందరికీ తెలిసిందే. ఒడిశా ప్రభుత్వం 2015లో పిడుగును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది కూడా. దగ్గర్లో పిడుగు పడితే బయట సాగిన రాగి తీగలోకి వోల్టేజి ఎగబాకుతుంది. షీల్డ్ దాన్ని ఆపడానికి చేసింది కాదు. కేబుల్ షీల్డ్‌ను పిడుగు రక్షణ అనుకోవడమే ఈ విషయంలో జరిగే పెద్ద పొరపాటు.

ఫైబర్‌లో ప్రవహించేది వెలుగు కాబట్టి ఈ బాధ లేదు. ఊళ్లో నెట్ కనెక్షన్లిచ్చే కుర్రాళ్ల దగ్గర స్ప్లైసింగ్ మెషిన్ ఉంటుంది, వాళ్లతోనే కట్టించవచ్చు. వంపులు తట్టుకునే జీ.657ఏ రకం సింగిల్ మోడ్ తీసుకోండి. చూడాల్సింది ఇంకొకటుంది. స్తంభాల మీద లాగే డ్రాప్ కేబుల్‌లో ఫైబర్ పక్కనే బరువు మోయడానికి ఉక్కు తీగ ఉంటుంది. ఆ తీగతో సహా ఇంట్లోకి తెస్తే లోహం లేని దారి అన్న లాభం పోయినట్టే. లోహం లేకుండా, గట్టి నార పుల్లలతో చేసిన కేబుల్ అడగండి. దాన్ని పైన కాకుండా పైపులో, నేలలో వేయించండి. 2018లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాలో ఏం చేసి పోయిందో చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

ఫైబర్ లోటు ఒక్కటే. కెమెరాకు కరెంటు పంపలేదు, అవతలి చివర పెట్టెకు విడిగా కరెంటు కావాలి.

ఎవరికి ఏది

బరంపురం పాత వీధుల్లో ఇల్లున్నవాళ్లకు: గోడలు పగలగొట్టకుండా, కేసింగ్ కేపింగ్ పట్టీలో ముందు గది నుంచి వెనక్కి రెండు క్యాట్ 6 యూటీపీ లైన్లు లాగి, వెనక గదిలో ఇంకో వైఫై పెట్టె పెట్టండి. పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ ఉంటే ఆ గోడకు అటువైపు కరెంటు ఎక్కడుందో తెలియదు కాబట్టి పట్టీని మీ సొంత గోడ మీదే నడిపించండి. షీల్డ్ వద్దు.

కొత్త ఇల్లు కడుతున్నవాళ్లు కేబుల్ కన్నా పైపు మీద డబ్బు పెట్టాలి. 25 మి.మీ. పైపు వేయిస్తే నాలుగు క్యాట్ 6 లేదా మూడు క్యాట్ 6ఏ తేలిగ్గా వెళ్తాయి. 20 మి.మీ. పైపులో షీల్డ్ కేబుళ్లు రెండు దాటితే మూలల దగ్గర ఇరుక్కుంటాయి. పైపులో నైలాన్ తాడు ఒకటి వదిలేయించండి. పదేళ్ల తర్వాత ఫైబర్ కావాలంటే ఆ తాడుతో లాగేయొచ్చు. కొత్త ఇల్లు కాబట్టి ఎర్తింగు మొదటి నుంచీ సరిగా వేయించే అవకాశం కూడా మీకే ఉంది. అది చేయించాక, మోటారు గది పక్కగా వెళ్లే లైను ఉంటే దాన్ని మాత్రం ఎఫ్/యూటీపీ చేయండి. మిగతావి యూటీపీగా ఉంచినా తప్పు లేదు.

కింద షాపు, పైన కాపురం ఉన్నవాళ్ల సంగతి వేరు. వెల్డింగు, రైసు మిల్లు, లేతు లాంటివి కింద ఉంటే ఎఫ్/యూటీపీ నిజంగా పనికొస్తుంది, ఎర్తు బాగుంటేనే. ఎర్తు బాగు చేయించడానికి వీల్లేని అద్దె ఇల్లయితే మేడ మీదికి ఫైబర్ ఒకటి లాగించుకోవడం మేలు.

వీడియో ఎడిటింగు చేసేవాళ్లు, ఇంట్లోనే స్టోరేజి పెట్టె పెట్టుకుని పెద్ద ఫైళ్లు అటూ ఇటూ పంపేవాళ్లకు 10 గిగాబిట్ అవసరం. ఒక గది నుంచి పక్క గదికైతే మంచి క్యాట్ 6 యూటీపీ చాలు. దూరం ఎక్కువైతే క్యాట్ 6ఏ తీసుకోండి.

గోపాలపూర్ వైపు, సముద్రం దగ్గరున్నవాళ్లు షీల్డ్ విషయంలో ఇంకో లెక్క వేసుకోవాలి. ఉప్పుగాలికి రేకు, అల్లిక, జాక్ లోహం తుప్పు పట్టి పట్టు వదులుతాయి. ఈ ఏడాది బాగున్న షీల్డ్ నాలుగేళ్లకు అలాగే ఉంటుందనుకోలేం. అక్కడ యూటీపీ, లేదంటే ఫైబర్.

వేసేటప్పుడు

కేబుల్‌ను గుంజి లాగకూడదు. పదకొండు కిలోల బరువు మించి లాగితే లోపలి మెలికలు సాగిపోతాయి, షీల్డ్ కేబుల్లో రేకు చిట్లుతుంది. వంపులు కేబుల్ మందానికి కనీసం నాలుగు రెట్లు, షీల్డ్ కేబుల్‌ను లాగుతున్నప్పుడు ఎనిమిది రెట్లు వ్యాసార్ధంలో ఉండేలా చూడండి. జాక్ దగ్గర మెలికలు విప్పేది అర అంగుళం, అంటే 13 మి.మీ. మించకూడదు. గోడలోని గట్టి తీగ కేబుల్‌కు నేరుగా ప్లగ్గు క్రింప్ చేయించకండి (నొక్కి బిగించకండి), జాక్‌లోనే పంచ్ చేయించండి, అంటే తీగలను జాక్ గాడుల్లోకి నొక్కి కూర్చోబెట్టించండి. జాక్ నుంచి టీవీకి, కంప్యూటర్‌కు ఫ్యాక్టరీలో చేసిన ప్యాచ్ కార్డు వాడండి.

రంగుల వరసకు ఇక్కడ అందరూ వాడేది 568బి. తెల్ల నారింజ, నారింజ, తెల్ల పచ్చ, నీలం, తెల్ల నీలం, పచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఏ వరసైనా రెండు చివర్లా ఒకటే ఉండాలి.

పరీక్షించడం

మూడు నాలుగు వందలకు దొరికే లైట్ల టెస్టర్ అందరి దగ్గరా ఉంటుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగితే "అయిపోయింది సార్" అంటారు. అది సగం పరీక్షే. రంగుల వరస పట్టించుకోకుండా 1-2, 3-4, 5-6, 7-8 అని జతలు పెట్టి కట్టినా రెండు చివర్లా అలాగే ఉంటే ఆ టెస్టర్ లైట్లన్నీ చక్కగా వెలుగుతాయి. నెట్ మాత్రం తడబడుతూ ఉంటుంది. మూడో పిన్నూ ఆరో పిన్నూ ఒకే పచ్చ జత కావాలి. ఇది కంటితో చూడాల్సిందే.

షీల్డ్ కోసం టెస్టర్ మీద జీ అని తొమ్మిదో లైటు ఉంటుంది. అది వెలిగినా వెంటనే నమ్మకండి. రెండు చివర్లూ ఏదో ఒక దారిన ఎర్తుకు తగిలి ఉంటే, కేబుల్లో షీల్డ్ మధ్యలో తెగినా ఇంటి ఎర్తు వైర్ల గుండా చుట్టు తిరిగి లైటు వెలుగుతుంది. ప్యాచ్ ప్యానెల్ ఎర్తు వైరు తాత్కాలికంగా విప్పి, అటు చివర పరికరాలేవీ గుచ్చకుండా అప్పుడు చూడాలి.

రాగి పరీక్షకు మల్టీమీటర్ చాలు. అటు చివర ఒక జతను కలిపి, ఇటు చివర ఓమ్‌లు కొలవండి. ఇరవై మీటర్ల లైనుకు 23 గేజి రాగి అయితే 2.7 దగ్గర, 24 గేజి అయితే 3.4 దగ్గర రావాలి. మీటర్ తీగల సొంత ఓమ్‌లు ముందు తీసేయడం మరవకండి. నాలుగు దాటి ఐదు వైపు పోతే రాగి కాదేమోనని చూడాలి. నాలుగు జతల్లో ఒకటి మాత్రమే తేడాగా ఉంటే ఆ జత జాక్‌లో సరిగా కూర్చోలేదు.

ఎర్తు పరీక్ష అలవాటున్నవాళ్లే చేయాలి, లేదంటే మేస్త్రీ చేత మీ ఎదురుగా చేయించండి. సాకెట్లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర ఉంటే, ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. వంద, నూట ఇరవై అంటూ ఊగుతుంటే ఎర్తు వైరు ఎక్కడో గాలిలో ఉంది. తర్వాత అదే సర్క్యూట్‌లో ఇస్త్రీపెట్టె ఆన్ చేసి న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య కొలవండి. ఒకటి రెండు వోల్టులు ఉంటే సహజం. అంత లోడు మీద కూడా సున్నా దగ్గరే కదలకుండా ఉంటే పైన చెప్పిన లూపును అనుమానించి సాకెట్ విప్పించండి. చివరగా గది జాక్ లోహానికీ ఆ గది సాకెట్ ఎర్తుకీ మధ్య ఏసీ వోల్టేజి ఒక వోల్టు దాటకూడదు.

నెట్ వేగానికి రెండు ల్యాప్‌టాప్‌లు రెండు చివర్లా గుచ్చండి. లింకు 1000 అని చూపించాలి. 100 అని చూపిస్తే ఒక జత పోయినట్టు లెక్క, ఎందుకంటే 100కు రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి. ఐపెర్ఫ్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపితే గిగాబిట్ లైను మీద 940 మెగాబిట్ల దగ్గర నిలకడగా రావాలి. అది నడుస్తుండగా మోటారు వేసి చూడండి, వెల్డింగ్ షాపు పని మొదలయ్యాక మళ్లీ చూడండి. అంకె కిందపడకపోతే ఆ లైనుకు షీల్డ్ అవసరం లేదని తేలిపోయినట్టే. అందుకే కుదిరితే ముందు యూటీపీ ఒకటి తాత్కాలికంగా నేల మీద పరిచి ఈ పరీక్ష చేశాకే షీల్డ్ డబ్బాకు ఆర్డరు ఇవ్వండి.

లక్షలు ఖరీదు చేసే సర్టిఫికేషన్ టెస్టర్ నియర్ ఎండ్ క్రాస్‌టాక్ (ఒక జత గోల ఇంకో జతకు తగలడం), రిటర్న్ లాస్ (సిగ్నల్ వెనక్కి తిరిగి రావడం) లాంటివన్నీ కొలిచి కాగితం ఇస్తుంది. ఇంటికి అది అక్కర్లేదు. పది గిగాబిట్ కోసం షీల్డ్ లైన్లు చాలా వేయిస్తున్నవాళ్లు మాత్రం ఆ టెస్టర్ ఉన్న కాంట్రాక్టర్‌ను పిలిపించుకోవచ్చు.

పని ఒప్పుకునేటప్పుడే మేస్త్రీకి మూడు మాటలు చెప్పండి. పూత వేయక ముందు ప్రతి గోడకూ టేపు పట్టి పైపులు ఎక్కడున్నాయో ఫోటో తీయాలి. ప్రతి కేబుల్‌కూ రెండు చివర్లా ఒకే నంబరు రాయాలి. ఓమ్‌లు, ఎర్తు వోల్టేజి, లింకు వేగం ఆ నంబర్ల వారీగా ఒక కాగితం మీద రాసి ఇచ్చాకే చివరి వాయిదా డబ్బు.